వెంగ్ టీచరమ్మ టోపీ కుర్చీలు

పెయ్‌లాన్‌కు మొగుడి మీద అనుమానం మొదట టీ ఆకు దగ్గర వచ్చింది.

తైహూ సరస్సు పక్కనున్న దోంగ్‌షాన్‌లో టీ ఆకుకు కరువు లేదు. కొండ మీద ఎవరి పొదలు వాళ్ళకున్నాయి. వసంతంలో గిల్లిన లేతాకు అమ్మకానికి పోతుంది, ఎండలు ముదిరాక కోసిన ముతకాకు ఇంట్లో తాగడానికి మిగులుతుంది. కొత్త సంవత్సరం పండక్కి డబ్బా నిండా పోసిన ముతకాకు ఇద్దరే మనుషులున్న ఇంట్లో మళ్ళీ ఎండాకాలం దాకా రావాలి. అలాంటిది, తోటల్లో లోక్వాట్ కాయలు ఇంకా పసుపు తిరగకముందే డబ్బా అడుగు కనిపించింది.

"ఏవయ్యా, ఈ ఆకంతా ఎవరు తాగుతున్నట్టు?" అని అడిగింది.

"నేనే. ఈ మధ్య దాహం ఎక్కువైంది," అన్నాడు ఫూగెన్, గంజి గిన్నెలోంచి తల ఎత్తకుండా.

అంత టీ తాగిన అరవై రెండేళ్ళ మగాడు పూటకు ఎన్నిసార్లు పెరట్లోకి పరుగెత్తాలో పెయ్‌లాన్‌కు తెలుసు. ఫూగెన్ పరుగెత్తడం లేదు.

ఆమెకు ఇంకోటి కూడా తెలుసు. ముతకాకును సున్నపు నీళ్ళలో నల్లగా మరిగించి కొత్త కర్రకు నాలుగు పూతలు పూస్తే, నిన్న చిత్రిక పట్టిన ముక్కకు మూడు వందల ఏళ్ళ వయసొస్తుంది. పాత కుర్చీకి చిన్న అతుకు వేసినప్పుడు ఆ అతుకు కొట్టొచ్చినట్టు కనపడకుండా ఆ మాత్రం పూత ప్రతి వడ్రంగీ పూస్తాడు. దానికి చారెడు ఆకు చాలు. డబ్బాడు ఆకు మరిగించాడంటే ఎంత కర్రకు వయసు పోస్తున్నట్టు?

లూ ఫూగెన్ ముప్పై ఏళ్ళు ఊళ్ళోని కర్రసామాను సహకార సంఘంలో పనిచేసి, రెండేళ్ళ కిందట బయటికొచ్చి ఇంటి వెనక పాకలో సొంతంగా మొదలుపెట్టాడు. పాత గట్టికర్ర సామాను బాగుచేయడం అతని పని. మేకు ముట్టుకోడు. ఒక ముక్క నాలుక ఇంకో ముక్క గాడిలోకి వెంట్రుక కూడా దూరనంత బిగువుగా దిగాలి, చేప జిగురు పేరుకు మాత్రం ఉండాలి. ముందు గదిలో పెయ్‌లాన్ పని. కుర్చీ చట్రానికి కింద పీచుతాళ్ళు బిగించి, పైన సన్నటి పేము చీలికలతో చాపలాంటి కూర్చునే పీట నేస్తుంది. ఆ పని వచ్చిన ముసలాయన సుజౌ నగరంలో ఒకడుండేవాడు, పోయాడు. ఇప్పుడు పాతపద్ధతిలో నేసే చేతులు చుట్టుపక్కల ఆమెవే. అందుకే పాత సామాను దళారి తాంగ్ తెచ్చిన ఆరు కుర్చీలు పీటల్లేకుండా ఆమె గోడకు ఆనుకుని నోళ్ళు తెరుచుకుని ఎదురుచూస్తున్నాయి.

టీ ఆకు సంగతి జరిగిన నాలుగు రోజులకు ఫూగెన్ పాకలోంచి ఒక చట్రం పట్టుకొచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఇది నేసిపెట్టు. తాంగ్‌దే."

"కుర్చీ ఏది?"

"కాళ్ళు వదులయ్యాయి, విప్పాను."

పెయ్‌లాన్ చట్రాన్ని చేతిలోకి తీసుకుంది. చేతులున్న పాతకాలపు కుర్చీలో కాలు చట్రంలోంచి దూసుకుని పైకెళ్ళి, వెనక వీపు కొమ్ముగా, ముందు చేతికి ఊతంగా మారుతుంది. చట్రం విడిగా చేతికొచ్చిందంటే కుర్చీ మొత్తం ముక్కలు ముక్కలుగా విప్పినట్టే. కాళ్ళు వదులైతే ఏ వడ్రంగీ అంత పని చెయ్యడు, అందులోనూ తన మొగుడు. పాత జిగురు మీదికి వేడినీళ్ళు చుక్కలు చుక్కలుగా వదులుతూ, పసిపిల్లకు చెవి కుట్టినంత భయంగా విప్పే మనిషి అతను.

అతను పాకలోకి వెళ్ళాక చట్రం తిరగేసింది. కుర్చీలను అందరూ ముందునుంచి చూస్తారు, ఆమె కిందనుంచి చూస్తుంది. నాలుగు పట్టెలకూ లోపలి అంచున వరసగా బెజ్జాలుంటాయి, తాళ్ళు దూర్చడానికి. రెండు పట్టెల బెజ్జాల అంచులు వందల ఏళ్ళ తాడు రాపిడికి గుండ్రంగా అరిగి నున్నగా ఉన్నాయి. తక్కిన రెంటి అంచులు గోరుకు గీసుకున్నాయి. రంగు ఒకటే. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ రెంటికీ సున్నం వాసన.

అంతవరకు ఫరవాలేదు. తాంగ్ ఏ విరిగిన కుర్చీనో తెచ్చి ఉండొచ్చు. కానీ ముందుపట్టెలో కుడిచివర తొమ్మిదో బెజ్జం వంకరగా పడింది. మొదట చేసిన వడ్రంగి, ఏ రాజుల కాలం వాడో, తప్పు తెలుసుకుని దాన్ని వెదురు మేకుతో పూడ్చి పక్కనే ఇంకోటి తొలిచాడు. ఆ వెదురు మేకును పెయ్‌లాన్ ఎరుగును. ఎనిమిదేళ్ళ కిందట పదహారు రోజులు దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంది.

అది వెంగ్ టీచరమ్మ కుర్చీ.

టీచరమ్మ దగ్గర ఉన్నవి రెండే రెండు, జత. వీపు పైపట్టె పాతకాలపు అధికారుల టోపీలా ఉంటుందని ఊళ్ళో వాటిని టోపీ కుర్చీలంటారు. తేనె రంగు హువాలీ కర్ర, ఎక్కడా అనవసరపు చెక్కడం లేదు. సాంస్కృతిక విప్లవమని సాగిన ఆ పదేళ్ళ గొడవల్లో టీచరమ్మ వాళ్ళ పెద్దింటి సామానంతా జప్తు చేసినప్పుడు ఇవీ పోయి, ధాన్యం లెక్కల ఆఫీసులో బస్తాలు మోసి, గొడవలు సద్దుమణిగాక ఎనభైలో పీటలు చిరిగి తిరిగొచ్చాయి. అప్పుడు నేసింది పెయ్‌లానే. ఈ వసంతంలో చేతులు కదులుతున్నాయని టీచరమ్మ వాటిని ఫూగెన్‌కు పంపింది. నాలుగు వారాలైంది.

పెయ్‌లాన్ చట్రాన్ని మంచం కిందికి తోసి, పొయ్యి దగ్గరికి వెళ్ళి ఊరికే నిలబడింది.

వారం తిరక్కుండా రెండో చట్రం వచ్చింది. ఇందులోనూ రెండు పట్టెలు పాతవి, రెండు కొత్తవి. వెనకపట్టె అడుగున నల్ల లక్క పూతలో ఒక బొటనవేలి ముద్ర ఉంది. ఎనభైలో పూత పచ్చిగా ఉన్నప్పుడు తాను పొరపాటున వేసిన ముద్ర. వేలు పెట్టి చూసుకుంది. సరిగ్గా అమిరింది.

ఇక సందేహించడానికి ఏముంది? ఒక కుర్చీ రెండు చట్రాల్లోకి పోయింది. సుజౌ దళారులు ఈ విద్య చేస్తారని సంఘంలో పనిచేసే రోజుల్లోనే విన్నది. నిజమైన పాత జతను విప్పి, సగం కొత్త ముక్కలు కలిపి నాలుగు చేస్తారు. కొనేవాడికి పాత పక్క చూపిస్తారు. ఫూగెన్ అలాంటివాళ్ళ పేరు చెబితే కాండ్రించి ఉమ్మేవాడు. ఇప్పుడు అతనే, అందులోనూ చూపు ఆనని ముసలావిడ కుర్చీల్ని.

అడగలేదు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆమెకు పోట్లాడటం బాగా వచ్చు, కానీ ఇది పోట్లాడే సంగతి కాదనిపించింది. పోట్లాటలో అబద్ధం చెప్పించి ఆ అబద్ధంతో కలిసి అన్నం తినడం కంటే ముందు చూడటం మేలనుకుంది. మంచం కింది చట్రం తీసి, ఏమీ ఎరగనట్టు తాళ్ళు బిగించడం మొదలుపెట్టింది.

అలా చూడటం మొదలుపెట్టాక ప్రతిదీ అనుమానంగానే కనపడింది. ఫూగెన్ పని చేస్తూ కూనిరాగం తీయడం మానేశాడు. రాత్రి అన్నంలో చేపముల్లు ఏరుకోవడం మరిచిపోయి రెండుసార్లు గొంతులో గుచ్చుకునేలా మింగేశాడు. తాంగ్ వచ్చినప్పుడల్లా ఆమె వైపు చూడకుండా పాకలోకి తీసుకుపోతున్నాడు.

తాంగ్ మాత్రం ఆమె దగ్గర ఆగకుండా పోడు. నలభై ఏళ్ళుంటాయి. షాంఘై నుంచి బస్సులో దిగి, ఇక్కడ ఎవరింట్లోనో దాచుకున్న సైకిలెక్కి, పల్లెపల్లె తిరిగి ఇళ్ళ అటకలు గాలిస్తుంటాడు.

"వదినా! చేతులా అవి, సాలెపురుగు కాళ్ళా? నా ఆరింటికీ మొదలెట్టావా?"

"నోరా అది, మూతలేని కుండా? వరసలో వస్తాయి నీవి. ఇప్పుడు నేస్తున్నది కూడా నీదేనటగా."

తాంగ్ నవ్వు ఒక క్షణం ఆగింది. "ఆఁ, నాదే, నాదే," అన్నాడు. అంటూ చట్రం వైపు కొత్తవాడిలా చూశాడు.

ఆ రోజు ఆమె ముఖం కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళి పాక గోడ పక్కన నిలబడింది. లోపల తాంగ్ గొంతు.

"కళ్ళు కనపడని మనిషికి ఏం తెలుస్తుందన్నా? ఊరికే భయపడతావు."

"నోరు ముయ్," అన్నాడు ఫూగెన్. కోపంగా కాదు. పంటినొప్పి ఉన్నవాడిలా.

ఆ పూట ఆమె తైహూ సరస్సు తెల్లచేపలు గుడ్డుతో వండింది. అతనికి ఇష్టం. గిన్నె అతని ముందు పెట్టి అడిగింది.

"టీచరమ్మ కుర్చీలు ఎంతవరకొచ్చాయి?"

"జిగురు ఆరాలి."

"ఆరు వారాలుగా ఆరుతోందా?"

"గాల్లో తడి ఎక్కువగా ఉంది."

"ఒకసారి నేను చూస్తా."

"వద్దు."

పాకలోకి రావద్దని అతను ఏనాడూ అనలేదు. మాట బయటికొచ్చాక అతనికీ వినపడింది కాబోలు, చేపముక్క తీసి ఆమె గిన్నెలో వేశాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

మర్నాడు లోక్వాట్ పళ్ళు బుట్టలో పేర్చుకుని టీచరమ్మ ఇంటికి బయల్దేరింది. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. మొగుణ్ణి దొంగ అని నోటితో అనాలి. అనకపోతే ఆ ఆడమనిషి సగం దొంగ కుర్చీలో కూర్చుని చచ్చిపోతుంది. ఎటు చూసినా గుండె మీద రాయి పెట్టినట్టే ఉంది.

వెంగ్ టీచరమ్మకు డెబ్బై తొమ్మిది. ఊళ్ళో సగం మందికి ఆమే అక్షరాలు దిద్దించింది. వాళ్ళ నాన్న కట్టించిన మూడు వాకిళ్ళ ఇంట్లో ఇప్పుడు ఏడు కుటుంబాలున్నాయి. ఆమెకు మిగిలింది వెనక వాకిట్లో ఒక గది. రెండు కళ్ళలోనూ పొరలు, వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు.

"పెయ్‌లానా? అడుగు బరువుగా పడుతోంది. మోకాలా, మనసా?" అంది.

"రెండూ బాగానే ఉన్నాయి టీచరమ్మా," అని పక్కన కూర్చుని ఒక పండు ఒలిచి ఆమె చేతిలో పెట్టింది. రెండో పండు ఒలవడం మొదలుపెట్టి ఆపేసింది. "టీచరమ్మా, మీ కుర్చీలు... మీ కుర్చీల్ని మా ఆయన విప్పేశాడు."

"ఊఁ."

"ఊఁ ఏంటి? రెంటిని నాలుగు చేస్తున్నాడు! పాత పట్టెలు నా చేత్తో చూశాను. మీకు సగం సగం ఇచ్చి, తక్కినవి ఆ తాంగ్‌కి..."

టీచరమ్మ పండు నమిలి గింజ చేతిలోకి ఉమ్మింది. తర్వాత భుజాలు కదిలేలా నవ్వింది.

"పెళ్ళాంతో చెప్పొద్దని మీ ఆయన దగ్గర ఒట్టు వేయించుకున్నాను. ముఖ్యంగా నీతోనే. టీ ఆకు కోతల్లో మా చిన్న మేనల్లుడి అత్తగారు నీ పక్క వరసేగా! నీ చెవిన పడితే సాయంత్రానికి వాళ్ళింట్లో ఉంటుంది."

పెయ్‌లాన్ బుట్ట పక్కకు నెట్టి ఇంకా దగ్గరికి జరిగి కూర్చుంది.

సంగతి ఇదీ. టీచరమ్మకు పెళ్ళి కాలేదు. చనిపోయిన తమ్ముడికి ఇద్దరు కొడుకులు, ఒకడు సుజౌలో, ఒకడు వూషీలో. కుర్చీలు నాకంటే నాకని రెండేళ్ళుగా మాటల్లేవు వాళ్ళ మధ్య. జత ఒకడికిస్తే రెండోవాడు చచ్చేదాకా క్షమించడు. చెరొకటి ఇస్తే జత విడిపోతుంది. ఎన్నడూ విడదీయొద్దని టీచరమ్మ నాన్న మాట. అందుకని ఆలోచించి ఆలోచించి, ఫూగెన్‌ను పిలిపించింది. ఉన్న ముక్కల్ని సమంగా పంచి నాలుగు కుర్చీలు చెయ్యి అంది. ఎనిమిది చట్రం పట్టెలు, కుర్చీకి రెండు. ఎనిమిది కాళ్ళు, కుర్చీకి రెండు. చేతులు నాలుగు, కుర్చీకొకటి. వీపు పలకలు రెండు, జతకొకటి. ఇద్దరికీ జత ఉంటుంది, ప్రతి జతలోనూ వాళ్ళ తాత ఉంటాడు.

"మీ ఆయన మూడు రోజులు ఒప్పుకోలేదు," అంది టీచరమ్మ. "ఏడ్చినంత పని చేశాడు. బతికున్న మనిషిని కోయమన్నట్టుగా ఉందన్నాడు. నేను వినలేదు."

పెయ్‌లాన్‌కు ఒళ్ళంతా తేలికైపోయింది. సిగ్గూ వేసింది. చేపముక్క గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

టీచరమ్మ మాటల్లో పడింది. "నా కుర్చీ, మా తమ్ముడి కుర్చీ అని చిన్నప్పుడు వేరేగా ఉండేవి. వీపు పలకలు చూశావుగా? ఒకే దుంగను నిలువునా చీల్చి రెండూ తీశారు, పుస్తకం తెరిచినట్టు. కర్రలో ముడి ఉందే, అచ్చం నక్క ముఖంలా ఉంటుంది. నా దాంట్లో నక్క ఎడమకు చూస్తుంది, వాడి దాంట్లో కుడికి. పక్కపక్కన వేస్తే ఒకదాన్నొకటి చూసుకునేవి. వాడు దాని ముక్కు నాకేవాడు, వెధవ."

పెయ్‌లాన్ ఇంటికొచ్చేసరికి ఫూగెన్ వాకిట్లో ఉలికి సాన పెడుతున్నాడు.

"టీచరమ్మ చెప్పేసింది," అంది నిలబడే.

ఉలి పక్కన పెట్టి, ఆరు వారాలు బిగపట్టిన ఊపిరి వదిలాడు. ఆ ముఖం చూస్తే జాలేసింది. "నీకు చట్రాలిస్తుంటే నీ ముఖం వైపు చూడలేకపోయేవాణ్ణి! గుర్తుపట్టేస్తావని తెలుసు. తాంగ్‌దని అనక ఏమనను?"

"తాంగ్‌కి దీంట్లో ఏం పని?"

"కొత్త ముక్కలకు పాత హువాలీ కర్ర కావాలిగా. ఎక్కడుంది? అతని దగ్గర విరిగిన పందిరిమంచం ఉంటే ఆ కర్ర ఇచ్చాడు. రా, చూద్దువుగాని."

పాకలో నాలుగు కుర్చీలు సగం లేచి నిలబడి ఉన్నాయి. ఏది పాత కాలో, ఏది కొత్తదో కిటికీ వెలుగులో ఆమెకే తెలియలేదు. ఎండబెట్టిన గరుకు గడ్డితో రుద్ది, మైనం పట్టించి, కొత్త అంచుల్ని పాత వాటిలా అరగదీశాడు. ముచ్చటేసింది. వీపు పలకలు రెండూ గుడ్డలో చుట్టి బల్ల మీదున్నాయి. నక్కల్ని చూడాలని గుడ్డ విప్పింది.

మొదటి పలకలో నక్క ఉంది. సన్నటి ముక్కు, రెండు చెవులు, ఎడమకు చూస్తోంది. రెండో దాంట్లో కొండల వరసలాంటి గీతలున్నాయి. నక్క లేదు. పలక తిప్పింది. లేదు.

"ఇది ఎవరిది?"

"టీచరమ్మదే," అన్నాడు. ఆ జవాబు రావాల్సిన దానికంటే తొందరగా వచ్చింది.

"వాళ్ళ తమ్ముడి పలకలో నక్క కుడికి చూస్తుంది. ఇప్పుడే ఆవిడ నోటితో విన్నాను."

ఫూగెన్ బల్ల అంచు పట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"పాత కర్రకు తాంగ్ డబ్బు తీసుకోలేదు," అన్నాడు చివరికి. "ఒక పలక అడిగాడు. మొదట కాదన్నాను. అతను కర్ర తిరిగి పట్టుకుపోతానన్నాడు. విప్పేసిన కుర్చీలు కర్ర లేకుండా ఏమవుతాయి చెప్పు? ఇచ్చేశాను."

"ఆవిడకు కనపడదని ఇచ్చావు."

"అది కాదు."

"అదే."

అతను తల దించుకున్నాడు. "అదీ ఉంది. ఇంకోటీ ఉంది. ఆ పలక నేను చేస్తే ఎవరూ పట్టుకోలేరని చూద్దామనుకున్నా. ముప్పై ఏళ్ళు ఎవరో చేసిన వాటికి అతుకులేశాను పెయ్‌లాన్. ఒక్కసారి నా ముక్క వాళ్ళ ముక్క పక్కన నిలబడితే ఎట్లా ఉంటుందో అని."

ఇంతసేపూ ఆమె ఎదురుచూసిన నిజం ఇది కాదు. దొంగ కాదని ఒక గంట కిందటే తెలిసింది, ఇప్పుడు కొంచెం దొంగ అని తెలిసింది. కొంచెం అన్నదే ఎక్కువ నొప్పెట్టింది. ఆ దారంతా తాను పడ్డ సిగ్గు గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

"ఆ పలక ఇంటికి రావాలి," అంది. "వచ్చేదాకా ఒక్క పీట నెయ్యను. టీచరమ్మవీ నెయ్యను, తాంగ్‌వీ నెయ్యను."

తాంగ్ మూడో రోజు వచ్చాడు. ఆమె గుమ్మంలోనే పీట వేసుకుని కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"ఏంటి వదినా, సాలెపురుగుకి సెలవా?"

"నక్కను తీసుకురా."

తాంగ్ ఫూగెన్ వైపు చూశాడు. ఫూగెన్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"అది షాంఘై వెళ్ళిపోయింది."

"షాంఘైకి బస్సు లేదా?"

"వదినా, బేరం బేరమే. నేను కర్ర ఇచ్చాను."

"కర్రకు బదులు నీ ఆరు పీటల నేత. ఊరికే నేస్తాను. వద్దంటే వాటిని ఇట్లాగే పట్టుకుపో. కూర్చునేవాళ్ళు కన్నాల్లోంచి నేల చూసుకుంటారు."

"సుజౌలో వేరేవాళ్ళున్నారు."

"ఉన్నారు. సమాధిలో. వెళ్ళి అడుగు."

తాంగ్ పళ్ళు కొరుక్కుంటూ సైకిలెక్కాడు. ఆరో రోజు గోనెసంచిలో చుట్టిన పలకతో దిగాడు. విప్పి గోడకు ఆనించి, తలుపు దాకా వెనక్కి జరిగాడు. ఉంది. నక్క ముఖం, చెవులు, కుడికి చూస్తోంది. ఫూగెన్ ముఖం విప్పారింది. చెయ్యి చాపబోతే పెయ్‌లాన్ మోచేత్తో అడ్డుకుంది.

"ఎందుకంత దూరంగా నిలబడ్డావు తాంగ్?" అంది.

పొయ్యి మీది వేడినీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, పలక మీద గట్టిగా ఒకసారి తుడిచింది. రెండోసారి తుడిచింది. నక్క ఎడమచెవి గుడ్డకు అంటుకొచ్చింది. మూడోసారికి ముక్కు సాగి మొసలి ముక్కైంది. సిరా, కాల్చిన కడ్డీ మచ్చలు.

ఫూగెన్ వంగి ఆ మచ్చల్ని గోటితో గీకి చూశాడు. ఎవరూ పట్టుకోలేని పలక చేశానని మురిసిపోయినవాడు తనే పట్టుకోలేకపోయాడు.

తాంగ్ గట్టిగా నవ్వేశాడు. సైకిలు దగ్గరికెళ్ళి రెండో సంచి తెచ్చాడు. "ఊరికే, చూద్దామని. కోప్పడకు వదినా. నువ్వు మగాడివై పుడితే నేను ఈ వ్యాపారం మానేసేవాణ్ణి."

"ఆడదాన్నై పుట్టినా మానెయ్యొచ్చు," అంటూ ఆమె దీన్నీ తుడిచింది. గుడ్డ తెల్లగానే ఉంది. అడుగున గోరంత గీకి వాసన చూసింది. పుల్లటి తీపి, అచ్చమైన హువాలీ. ఎడమ పలక తెప్పించి పక్కన ఆనించింది. నక్కలు రెండూ ముఖాముఖీ అయ్యాయి. గీతకు గీత కలిసింది. అప్పుడు మాత్రమే గోడకున్న ఆరింట్లో మొదటి కుర్చీని ముందుకు లాక్కుంది.

టీచరమ్మకు చెప్పాల్సింది నువ్వే అని పలక చేతికిచ్చి ఫూగెన్‌ను ఒంటరిగా పంపింది. వెంట వెళ్ళలేదు గానీ, అతను నిజంగా లోపలికి వెళ్ళాడో లేదో సందు మలుపులో నిలబడి చూసింది. గంట తర్వాత తిరిగొచ్చాడు, గెడ్డం కింద తడి తుడుచుకుంటూ.

"ఏమంది?"

"నక్క ముక్కు వేలితో తడిమింది. తర్వాత, నేను కూడా మావాళ్ళ కళ్ళు కప్పాలనే అనుకున్నానుగా, నిన్ను ఏమనను అంది. పిల్లలిద్దరికీ ఉత్తరాలు రాయిస్తానంది. ఇంకా..." ఆగాడు. "ప్రతి కొత్త ముక్క అడుగునా నా పేరు, సంవత్సరం చెక్కమంది. తుడిస్తే పోకుండా, లోతుగా."

"చెక్కు," అంది పెయ్‌లాన్.

అతను చెక్కుతున్నంతసేపూ పక్కన నిలబడి ఒక్కొక్క ముక్కా తిరగేసి చూసింది. అతనికి కష్టంగానే ఉంది. ఆరు వారాలు కష్టపడి కనపడకుండా చేసిన పనిని తన చేత్తోనే బయటపెట్టుకుంటున్నాడు. రెండుచోట్ల గీత వంకరపోయింది. ఆమె ఓదార్చలేదు.

మిగిలిన పీటలు నేసి, చట్రాలు బిగించి, నాలుగు కుర్చీలూ టీచరమ్మ గదికి చేర్చేసరికి వానలు మొదలయ్యాయి. ఒక ఆదివారం మేనల్లుళ్ళిద్దరూ వచ్చారు. సుజౌవాడు ఒక గోడ పక్కన, వూషీవాడు ఇంకో గోడ పక్కన నిలబడ్డారు. టీచరమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది, ఫూగెన్ సంగతి కూడా. ఫూగెన్ తలుపు దగ్గర తడిసిన టోపీ చేత్తో పట్టుకుని నిలబడి విన్నాడు.

ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ కుర్చీలు తలకిందులు చేసి లెక్కపెట్టడం మొదలెట్టారు.

"అత్తా, మా జతలో పాత చేతులు రెండేనా?" అన్నాడు పెద్దవాడు.

"వాళ్ళదాంట్లోనూ రెండే," అంది పెయ్‌లాన్. "పట్టెలు వాళ్ళకు నాలుగు, మీకు నాలుగు. నాకు లెక్క చెప్పక్కర్లేదు బాబూ, నేను బెజ్జం బెజ్జం చూశాను."

"నాన్న నక్క ఎవరికొచ్చింది?" అన్నాడు చిన్నవాడు.

పెద్దవాడి జతలో ఉంది. చిన్నవాడి ముఖం ముడుచుకుంది. నాన్న ఒళ్ళో కూర్చున్నది నేను అంటే, ఆ కుర్చీ బస్తాల కింద నలుగుతుంటే ధాన్యం ఆఫీసుకు వెళ్ళి చూసొచ్చింది నేను అని రెండోవాడు. గొంతులు పెరిగాయి. పక్క వాకిలి వాళ్ళు కిటికీలు తెరిచారు.

టీచరమ్మ ఊతకర్రతో నేల మీద కొట్టింది. "పడకపోతే నాలుగూ నా దగ్గరే ఉంటాయి. నేను పోయాక నా శవం మీద కొట్టుకోండి. ఇప్పుడు మాత్రం కూర్చోండి. వెధవల్లారా, రెండేళ్ళైంది మీ ఇద్దరి గొంతూ ఒక గదిలో విని."

కూర్చున్నారు. ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో ఆ గొడవలో వాళ్ళు చూసుకోలేదు. చిన్నవాడు వీపు ఆనించి, చేతిపట్టెను నిమురుతూ, కాసేపటికి కిందికి వంగి అడుగున వేలితో తడిమాడు. చెక్కిన అక్షరాలు తగిలాయి. మళ్ళీ తడిమాడు.

"ఇది కొత్తదా?" అన్నాడు. ఫూగెన్ వైపు తిరిగి, "ఇది మీరు చేసిందా? నాన్నది అనుకున్నానే!"

ఫూగెన్ తలూపి టోపీ నలుపుకున్నాడు. పెయ్‌లాన్ అతన్ని చూసింది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు. ఆ తర్వాత చాలాకాలం పోలేదు కూడా. తాంగ్ పేరు వినపడితే చాలు, అన్నం తింటున్న మొగుడి ముఖం వైపు ఓరగా చూసేది. కానీ ఆ పూట, అతని మెడ దాకా పాకిన ఎరుపు చూసి, తనకు తెలియకుండానే అతని ముందునుంచి కొంచెం పక్కకు జరిగింది, కుర్రాడు ఇంకా ఏమంటాడో అతనికి సరిగ్గా వినపడేట్టు.